పసుపు ఆరని బంతి

పోయిన వారం చంద్రకళను సరుగుడు తోపు ముందు నిలబెట్టి నా దారిన నేను పోయినందుకు రేపల్లె నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి చెడామడా తిట్టారు. "ఆ పిల్ల బంతి దొరికిందో లేదో, అదన్నా చెప్పి ఆపొచ్చుగా నాయనా" అన్నారు. చెబుతాను. కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు.

చంద్రకళ తెనాలిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి. ఆమె భర్త కిరీటి ఏడాది కిందట బాపట్ల దగ్గర గోల్ఫ్ ఆడుతూ, తొమ్మిదో హోల్ పక్కనున్న సరుగుడు తోపులో పడిన బంతి కోసం లోపలికి వెళ్ళాడు. మళ్ళీ బయటికి రాలేదు. ఆ పొద్దున అతనితో ఆడుతున్నది సొంత అన్న కృష్ణకాంత్ ఒక్కడే. పోలీసులు వెతికారు, జాలర్లు వలలు వేశారు, మురుగు కాలవలు గాలించారు. కాలి బూటు కూడా దొరకలేదు. ఇప్పుడు కృష్ణకాంత్ తొందరపడుతున్నాడు. రేపు పొద్దున పెనుమూడి రేవులో, కృష్ణ ఒడ్డున, దర్భలతో తమ్ముడి బొమ్మ చేయించి, దానికి నిప్పు పెట్టి, కర్మ జరిపించేస్తానంటాడు. చంద్రకళ ససేమిరా అంటుంది. చివరికి ఇద్దరూ పంతానికి పోయి ఆట మీద పందెం వేసుకున్నారు. ఆమె గెలిస్తే కర్మ లేదు. ఆయన గెలిస్తే ఆమె నోరెత్తకుండా రేవుకి వచ్చి, నీళ్ళలో దిగి, నుదుటి బొట్టు తుడుచుకోవాలి.

ఎనిమిది హోల్స్ అయ్యేసరికి చెరి సమంగా ఉన్నారు. చివరి హోల్‌లో కృష్ణకాంత్ బంతి పచ్చిక నడుమ బుద్ధిగా కూర్చుంది. చంద్రకళ బంతి మాత్రం గాలికి వంకర తిరిగి ఆ తోపులోకే పోయింది. పోయిన వారం ఇక్కడే ఆగాం.

గోల్ఫ్ ఆటకున్నన్ని మడులూ ఆచారాలూ మా అమ్మమ్మ వంటింట్లో కూడా ఉండేవి కావు. అన్నిటికంటే పెద్ద ఆచారం బంతిది. ఒక హోల్ ఏ బంతితో మొదలుపెడితే గుంతలో పడేదాకా ఆ బంతితోనే ఆడాలి. ఆ హోల్ అయిపోయాక మార్చుకుంటే ఎవరూ అడగరు. మధ్యలో మాత్రం మనసుకు తోచినప్పుడల్లా మార్చడానికి వీల్లేదు. అది పగలాలి, నీళ్ళపాలవ్వాలి, లేదంటే కనబడకుండా పోవాలి. కనబడకపోతే వెతుక్కోవడానికి మూడు నిమిషాలు ఇస్తారు. అవి దాటితే పోయినట్టే లెక్క. వెనక్కి వెళ్ళి ఇంకో బంతి పెట్టి కొట్టాలి.

అందుకే ఎవరి బంతి మీద వాళ్ళు గుర్తు పెట్టుకుంటారు. చంద్రకళ నీలం పెన్నుతో అడ్డంగా గీత గీస్తుంది. కిరీటి గుర్తు వేరు. కొత్త స్కూటర్ కొంటే పసుపు రాసి బొట్టు పెట్టే ఇంట్లో పెరిగినవాడు, కొత్త గోల్ఫ్ బంతి కొన్న రోజున పెళ్ళాం ముందు చెయ్యి చాపాడు. ఆమె నవ్వుతూ పసుపు తడిపి ఉంగరపు వేలితో చుక్క పెట్టింది. ఆ రోజు గెలిచాడు. ఇంకేముంది, అప్పటి నుంచి ఆమె చేతి పసుపు లేని బంతిని ముట్టుకుంటే ఒట్టు. దాని మీద క్లబ్బులో పెద్ద రభసే అయింది. బంతికి ఏదన్నా పూసి దాని పోకడ మార్చకూడదని ఇంకో రూలుంది. పసుపు పూత కిందికి వస్తుందా, గుర్తు కిందికి వస్తుందా అని మేనేజరు శ్రీవత్స తల పట్టుకుని, చివరికి గుర్తేనని తేల్చాడు. ఈ రోజు ఆట చూస్తున్న రిఫరీ కూడా ఆ శ్రీవత్సే.

"అక్కా, మూడు నిమిషాలు మొదలండి" అని శ్రీవత్స ఫోన్‌లో టైమర్ నొక్కాడు.

చంద్రకళ తోపులోకి అడుగుపెట్టింది.

ముందు గాలి చప్పుడు ఆగిపోయింది. సరుగుడు చెట్లంటే గాలి లేకపోయినా ఏదో ఒక హోరు ఉంటుంది. ఇక్కడ తలెత్తి చూస్తే కొసలు ఊగుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. నాలుగు బారల దూరంలో ఉన్న సముద్రం కూడా నోరు మూసుకుంది. కింద రాలిన ఆకు మెత్తగా, తడిగా ఉంది. బాపట్లలో చినుకు పడి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు లేదు. అడుగు తీసి అడుగు వేస్తుంటే బూటు కింద నీళ్ళు ఊరుతున్నాయి. కొమ్మల మీంచి బొట్లు మెడ మీద పడుతున్నాయి.

ఇంకో సంగతి కూడా ఏదో తేడాగా ఉంది. అదేంటో అందలేదు. తన నీడ తనకు ముందు పడాల్సింది వెనక పడినట్టుంది. వెతుకులాటలో పడి ఆ ఆలోచన వదిలేసింది.

అప్పుడు వాసన తగిలింది. తడి పసుపు వాసన. వంటింట్లో, పూజ గదిలో తగిలితే ఎవరూ పట్టించుకోరు. మనిషి మసలని తోపులో, ఎండాకాలం సాయంత్రం తగిలితే అడుగు ఆగిపోతుంది.

రెండు చెట్ల మధ్య, రాలిన ఆకు మీద, ఇప్పుడే ఎవరో చేత్తో పెట్టి వెళ్ళినట్టు ఒక బంతి ఉంది. నీలం గీత లేదు. పసుపు చుక్క ఉంది. చంద్రకళ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆటలో ఆరితేరిన చెయ్యి కాబట్టి ముందు బంతి పక్కన నేలలో చిన్న పుల్ల గుచ్చింది. గుర్తుపట్టడానికి బంతి ఎత్తాలంటే అది ఉన్న చోటు తెలిసేలా చేసి ఎత్తాలి. ఎత్తింది. పసుపు వేలికంటింది.

చుక్క మధ్యలో సన్నటి తెల్ల గీత ఉంది. చిన్నప్పుడు కత్తిపీట మీద తెగిన ఆమె ఉంగరపు వేలికి కొసన గాటుంది. ఆ వేలితో ఏ బొట్టు పెట్టినా నడుమ గీత పడుతుంది. అది ఇంకెవరి వేలికీ లేదు. కిరీటి పోయిన పొద్దున పెట్టిందే ఆఖరు, ఆ తర్వాత ఆమె ఏ బంతికీ పసుపు పెట్టలేదు.

భయం ఒక పక్క, పిచ్చి ఆశ ఒక పక్క. రెంటికీ కలిపి ఏడుపొచ్చింది. బంతిని గుప్పిట్లో పెట్టుకుని తోపు అంచుకు వచ్చింది.

అక్కడ ఎండలో ముగ్గురున్నారు. కృష్ణకాంత్, శ్రీవత్స, గొడుగు వేసుకున్న వెంకటరాఘవయ్యగారు. వెంకటరాఘవయ్యగారు రేపల్లె పురోహితులు, శ్రీవత్స తండ్రి. రేపటి కర్మ ఆయనే చేయించాలి. ఏమేం కావాలో మాట్లాడటానికి మధ్యాహ్నం బస్సెక్కి వచ్చి, ఆట అయ్యేదాకా ఆగమంటే పాపం ఆగారు. తండ్రి శాస్త్రం, కొడుకు రూల్ బుక్కు. ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో నాకు వినాలని ఉంది.

చంద్రకళ గుప్పిట తెరిచింది. కృష్ణకాంత్ మొహంలో నెత్తురు ఇంకిపోయింది. వెంటనే కోపం తెచ్చుకున్నాడు.

"ఎక్కడిదది?"

"లోపల ఉంది బావగారూ."

"నువ్వే తెచ్చుంటావ్. పొద్దున ఇంట్లో పసుపు పెట్టి సంచిలో వేసుకొచ్చుంటావ్. ఈ నాటకాలు నా దగ్గరా?"

"పొద్దున పెడితే ఈపాటికి ఎండిపోదా? ఇదిగో, ముట్టుకుని చూడండి."

ఆయన ముట్టుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. తెనాలిలో రెండు రైస్ మిల్లులు నడిపే మనిషి, ఎవరికీ బెదరనని పేరున్న మనిషి, నిమ్మకాయంత దాన్ని చూసి అడుగు వెనక్కేశాడు. తోపు నీడ ఎక్కడ మొదలవుతుందో అక్కడికి ఇందాకటి నుంచి ఆయన రాలేదని చంద్రకళకి అప్పుడు తట్టింది.

టైమర్ మోగింది. శ్రీవత్స ఉలిక్కిపడి దాన్ని నొక్కేశాడు.

"అక్కా, టైమైపోయిందండి. మీ బంతి పోయినట్టే. వెనక్కెళ్ళి ఇంకోటి పెట్టి కొట్టాలి."

"ఉన్నదాంతోనే కొట్టనీవయ్యా" అన్నాడు కృష్ణకాంత్ గబగబా. "నాకేం అభ్యంతరం లేదు."

"కుదరదు సార్. ఆవిడ మొదలుపెట్టిన బంతి అది కాదు. దాన్ని కొడితే తప్పు బంతి కొట్టినట్టు, అక్కడికక్కడే హోల్ మీదైపోతుంది. మీరిద్దరూ ఒప్పేసుకుని రూల్ పక్కన పెడదామంటే, ఇద్దర్నీ ఆటలోంచి తీసేయాలి."

వెంకటరాఘవయ్యగారు కొడుకు వైపు చూసి తలాడించారు. ఇంత భయంలోనూ ఆయనకి ముచ్చటేసినట్టుంది.

చంద్రకళ బంతి వైపు చూస్తూ అడిగింది. "శ్రీవత్సా, నేను వెనక్కెళ్ళి ఇంకోటి కొట్టేశాను. తర్వాత నా బంతి కనబడింది. అప్పుడు?"

"కనబడినా లెక్కలోకి రాదక్కా. ఎదురుగా ఉన్నా సరే. ఆటలో ఉండేది కొత్తదే. పాతదాన్ని ముట్టుకుంటే అదే తప్పు బంతి."

ఆమె పురోహితుల వైపు తిరిగింది. "పంతులుగారూ, రేపు బొమ్మ కాల్చేశాం. తర్వాత ఆయన నడుచుకుంటూ ఇంటికొచ్చారు. అప్పుడు?"

పెద్దాయన గొడుగు ముడిచారు. ఎండ నెత్తిన పడుతున్నా పట్టించుకోలేదు.

"అడిగావు కాబట్టి చెబుతున్నా తల్లీ. వచ్చినా పోయినవాడే. అప్పుడే పుట్టిన పసివాడికి చేసినట్టు జాతకర్మ చేసి, మళ్ళీ పేరు పెట్టి, మొదటి నుంచీ రావాలి. నీ మెడలో మళ్ళీ తాళి కట్టాలి. అంతదాకా మీరిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు. అందుకే పన్నెండేళ్ళు ఆగమన్నారు పెద్దలు. మీ బావగారికి అదే చెప్పాను. ఆయన విన్లేదు."

సముద్రం మీంచి గాలి వీచింది. తోపు బయటి గడ్డి ఊగింది, తోపులోంచి మాత్రం ఏ హోరూ రాలేదు.

"నేను ఇంకో బంతి పెట్టను" అంది చంద్రకళ.

"అయితే ఓడినట్టే!" కృష్ణకాంత్ గొంతులో సంతోషం కంటే హమ్మయ్య అన్న ధ్వనే ఎక్కువగా ఉంది.

"ఓడాను. మాట తప్పను, రేపు రేవుకి వస్తాను. కానీ ఒకటి చెప్పండి. ఆ రోజు ఇక్కడ వాన పడిందా?"

"తెల్లారుజామున పడింది. అయితే ఏంటి?"

"మీరు ఆడింది పొద్దున్నేగా?"

"అవును, ఏంటి నీ గోల?"

"లోపల నేలంతా తడిగా ఉంది బావగారూ. చెట్ల నీడలు పడమర వైపుకి పడున్నాయి. ఇప్పుడు టైమెంత? సాయంత్రం పూట నీడలు పడమరకి పడవని మా క్లాసులో ఆఖరి బెంచీవాడికి కూడా తెలుసు. లోపల ఇంకా ఆ పొద్దే ఉంది. పసుపు ఆరకపోవడానికి కారణం, అక్కడ అది ఆరేంత సేపు గడవకపోవడమే." ఆమె గుప్పిట మూసింది. "ఆయన లోపలికెళ్ళాక ఏం జరిగింది? బయటికి రాలేదని ఏడాదిగా ఒకటే పాట పాడుతున్నారు. జరిగింది చెప్పండి."

కృష్ణకాంత్ గడ్డిలో చతికిలబడ్డాడు. అంత లావు మనిషి కూలబడితే నేల అదిరింది.

"వచ్చాడమ్మా" అన్నాడు. "బయటికొచ్చాడు."

చంద్రకళ ఆయన దగ్గరికి ఒక అడుగు వేసింది.

"కాసేపట్లోనే వచ్చేశాడు. ఏరా దొరికిందా అన్నా. పలకలా. సంచిలోంచి ఇంకో బంతి తీశాడు. పసుపు లేని బంతి. వాడు అలాంటిది ముట్టడుగా? వెనక్కెళ్ళి పెట్టాడు. కర్ర తిరగేసి పట్టుకుని ఎడంచేతి వాటంగా కొట్టాడు. మావాడు కుడిచేతివాడు. ఆ బంతి తిన్నగా పోయి జెండా పక్కన పడింది. అంత మంచి దెబ్బ నా జన్మలో చూళ్ళేదు. బలే కొట్టావురా అనబోయా. అప్పుడు..."

"అప్పుడు?"

"తోపులోంచి మావాడి గొంతు. 'అన్నయ్యా, ఉండు, ఇంకా వెతుకుతున్నా' అని."

వెంకటరాఘవయ్యగారి పెదాలు కదిలాయి. ఏదో జపం మొదలైంది.

"మీరు పలికారా?" అంది చంద్రకళ.

"లేదు."

"వెళ్ళి చూశారా?"

"భయమేసిందమ్మా. పక్కన నిలబడ్డవాడు నన్ను చూసి నవ్వాడు. మావాడి నవ్వే, మావాడి పళ్ళే. నేను పరిగెత్తి కారెక్కా. తలుపేసేలోగా వాడూ ఎక్కి కూచున్నాడు. పొన్నూరు దాటేదాకా నోరు మెదపలా, నేనూ తిరిగి చూళ్ళా. రైలు గేటు పడింది. బండి ఆపి పక్కకి చూస్తే సీట్లో లేడు. తలుపు తీసిన చప్పుడన్నా లేదు." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "రేపు ఆ బొమ్మ కాలితే రెండూ పోతాయనుకున్నా. లోపల మిగిలిపోయిందీ, బయటికొచ్చిందీ. అప్పుడన్నా నాకు నిద్ర పడుతుందనుకున్నా."

చంద్రకళకి ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. బావగారని కాదు, కుడిచేతిలో బంతి ఉండబట్టి ఆగింది. తమ్ముడు పిలుస్తుంటే వినీ విననట్టు వెళ్ళిపోయిన మనిషి, ఏడాదిగా తన ఇంటికొచ్చి, తన చేతి కాఫీ తాగి, ధైర్యం చెప్పి వెళ్ళాడు. ఇంతకంటే పాపం ఏముంటుంది చెప్పండి?

ఆమె ఫోన్ మోగింది. తనూజ. చంద్రకళ చెల్లెలు, రేపటి కోసమని వచ్చి తెనాలి ఇంట్లో ఉంది. చంద్రకళ ఎడంచేత్తోనే ఫోన్ తీసి స్పీకర్ నొక్కింది.

"అక్కా! బావ వచ్చాడే!" తనూజ ఏడుస్తోంది, నవ్వుతోంది. "ఇందాకే గేటు తీసుకుని లోపలికొచ్చాడు. నా కళ్ళతో నేను చూస్తున్నా. మనిషి ఎలా వెళ్ళినవాడు అలాగే ఉన్నాడు, అదే చొక్కా. ఆకలంటే అన్నం పెట్టా, తింటున్నాడు. నువ్వు బయల్దేరు, తొందరగా బయల్దేరు!"

"నారాయణ, నారాయణ" అన్నారు వెంకటరాఘవయ్యగారు. శ్రీవత్స కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కృష్ణకాంత్ మాత్రం తల ఎత్తలేదు.

"తనూ" అంది చంద్రకళ నెమ్మదిగా. "ఏ చేత్తో తింటున్నారు?"

"ఆఁ? అదేం ప్రశ్నక్కా?"

"చూసి చెప్పు."

అవతల కంచానికి వేళ్ళు తగులుతున్న చప్పుడు వినబడింది.

"ఎడం చేత్తో" అంది తనూజ. ఆ గొంతులో నవ్వు పోయింది.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి, తోపులోంచి, ఒక మగ గొంతు పిలిచింది. దూరం నుంచి కాదు. పక్క గదిలోంచి పిలిచినట్టుంది. వస్తువు కనబడక విసుగెత్తినప్పుడు కిరీటి గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"కళా, టైమైపోయిందా?"

ముగ్గురు మగవాళ్ళూ విన్నారు. పెద్దాయన చేతిలో గొడుగు జారిపడింది. ఫోన్‌లో కూడా వినబడిందేమో, తెనాలిలో కుర్చీ గచ్చు మీద గర్రుమంది.

"అక్కా, లేచాడు" అంది తనూజ లోగొంతుకతో. "నా దగ్గరికే వస్తున్నాడు. ఫోనిమ్మని చెయ్యి చాపుతున్నాడు. ఎడం చెయ్యే. ఇవ్వనా?"

ఇచ్చిందో, లాక్కున్నాడో. ఫోన్‌లోంచి మాట వచ్చింది. ఇందాక తోపులో పలికిన గొంతే, అణువంత తేడా లేదు.

"చంద్రకళా, పలక్కు. లోపలున్నది నేను కాదు. వెనక్కెళ్ళి ఇంకో బంతి పెట్టి కొట్టు. ఆట ముగించుకుని ఇంటికి రా."

ఆట సంగతి ఈయనకెవరు చెప్పారు? కిరీటి ఆమెను ఏనాడూ నిండు పేరుతో పిలవలేదు. అయినా మనిషి గొంతు మనిషిదే. పన్నెండేళ్ళు కాపురం చేసిన గొంతు 'ఇంటికి రా' అంటే మనసు ఎటు లాగుతుందో ఆమెకే తెలుసు. నేను రాయలేను.

"తనూ, నువ్వు వింటున్నావా?" అని అరిచింది చంద్రకళ ఫోన్‌లోకి. "వెనక తలుపు తీసుకుని పక్కింట్లోకి పరిగెత్తు! వెనక్కి చూడకు!"

ఫోన్ కట్టేసింది. తోపు వైపు తిరిగింది. కృష్ణకాంత్ పాక్కుంటూ వచ్చి ఆమె చీర కొంగు పట్టుకున్నాడు. "వద్దమ్మా, పలికితే పోతావ్, పలక్కు" అని ఏడ్చాడు. ఆమె కొంగు విదిలించుకుంది.

శ్రీవత్స దారికి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో టైమర్ ఉంది. "అక్కా, మూడు నిమిషాలు ఎప్పుడో..." అని ఆగిపోయాడు. పక్కకి తప్పుకున్నాడు.

లోపల నీడలు ఇంకా పడమరకే పడి ఉన్నాయి.

"లేదండీ, ఇంకా ఉంది" అంది చంద్రకళ గట్టిగా, తోపులోకి అడుగు వేస్తూ. "అక్కడే ఉండండి. నేనొస్తున్నా."